కోయువారు – కూర్చువారు

గత సంవత్సరము వర్షకాలమున విజయవాడలో మా మిత్రులొకరి ఇంటికి పోయినప్పుడు మేడమీది చిన్నగదిలో ఒక వింత చూచితిమి. బల్లమీద హార్మోనియము పెట్టెకంటె కొంచెము పెద్దదైన యంత్రమొకటి ఉన్నది. దాని మూతకు రంగుటద్దము బిగించియున్నది. లోపల పలుచని ప్లైవుడ్ పలకమీద ఒక నిప్పుచుక్క చీమ నడచినట్లు నడచుచున్నది. అది నడచిన దారి వెంట చెక్క తెగుచున్నది. రంపము లేదు, రంపపు పొట్టు లేదు. పొగను కిటికీ బయటికి తోలు పంకా హోరు మాత్రము వినవచ్చుచున్నది. అది ఇంటిలో వాడుకొను లేజరు కోతయంత్రము.

దానిని నడపుచున్నది ఇంజనీరింగు చదువుచున్న మా మిత్రుని కుమార్తె. ఆమె ఆ పలకనుండి 24 ముక్కలు కోసి, నాలుగేసి ముక్కలను పొరలుగా అంటించి, ఆరు బద్దలు తయారుచేసినది. ఒక్కొక్క బద్దకు ఒక్కొక్క విధముగా గంట్లు ఉన్నవి. ఈ ఆరింటిని మూడు దిశలలో ఒకదానిలో ఒకటి ఇమిడించినచో, మేకు లేకుండ, జిగురు లేకుండ, అన్నియు ఒకే ముడిగా బిగిసికొనవలెను. పాశ్చాత్యులు దీనిని ‘బర్ పజిల్’ అందురు. ఆమె ఆరవ బద్దను చొనిపి, ముడిని ఎత్తి మా అరచేతిలో పెట్టినది. మేము చేయి కొంచెము వంచితిమో లేదో, ఆరు బద్దలును జారి నేలమీద పడినవి.

“లెక్క తప్పలేదండీ, బొమ్మ మూడుసార్లు సరిచూశాను,” అని ఆమె అన్నది. ఆ మాట నిజమే. తప్పు ఎక్కడ ఉన్నదో ఈ ప్రసంగము చివర చెప్పుదుము. అంతకుముందు, ఒకదానిలో ఒకటి ఇమిడెడు ఈ ముక్కలాటల చరిత్రను శ్రోతల ముందు ఉంచవలెనని మా కోరిక. ఆ చరిత్రలో రెండు తెగల మనుష్యులు కనిపింతురు. ఒకరు ముక్కలను కోయువారు. రెండవవారు, ఇతరులు కోసిపెట్టిన ముక్కలను కూర్చువారు. ఇంటికి ఒక కొత్త పనిముట్టు వచ్చినప్పుడెల్ల కూర్చువారు కొందరు కోయువారైరి. కర్మాగారము ఆ పనిని తీసికొన్నప్పుడెల్ల వారు మరల కూర్చువారైరి. ఇప్పుడు లేజరు వచ్చి ఆ చక్రమును ఇంకొకసారి తిప్పినది.

మొదట లండనుకు పోవుదము. 1760వ దశకములో అక్కడ జాన్ స్పిల్స్‌బరీ అను యువకుడు ఉండెను. రాగిరేకులమీద పటములు చెక్కుట అతని వృత్తి. రాజుగారి భూగోళ పటముల నిర్మాతయైన థామస్ జెఫ్రీస్ వద్ద అతడు పని నేర్చెను. స్పిల్స్‌బరీ దేశపటమును మహాగని పలకకు అంటించి, దేశముల సరిహద్దుల వెంట సన్నరంపముతో కోసి, ముక్కలను పెట్టెలో పెట్టి అమ్మెను. పిల్లలు ఆ ముక్కలను తిరిగి పేర్చుచు భూగోళము నేర్చుకొనవలెనని అతని ఉద్దేశము. ప్రపంచ పటము, నాలుగు ఖండములు, ఇంగ్లండు, స్కాట్లండు, ఐర్లండు – ఇవి అతని సరుకులు. 1769లో, ముప్పది యేండ్ల ప్రాయముననే అతడు మరణించెను. ఆ కాలముననే మూడవ జార్జి చక్రవర్తి బిడ్డల సంరక్షకురాలైన లేడీ షార్లెట్ ఫించ్ రాజకుమారులకు ఇట్టి పటముల ముక్కలతోనే పాఠము చెప్పించెను.

ఒక సంగతి గమనింపదగినది. ఆ తొలి పటములలో ముక్కలు ఒకదానిలో ఒకటి బిగిసెడివి కావు. సరిహద్దు గీత ఎట్లు పోయినచో కోత అట్లే పోయినది. బల్ల కదలినచో ఫ్రాన్సు ఒక ప్రక్కకు, స్పెయిను ఇంకొక ప్రక్కకు జారిపోవును. ముక్కకు నాలుక ఉంచి, ప్రక్క ముక్కలో దానికి గాడి కోయుట మిక్కిలి నిదానముగ వచ్చిన విద్య. దానికి సన్నని మలుపులు తిరుగు రంపము కావలెను. అన్నిటికంటె ముఖ్యముగ, తీరికయు ఓర్పును కల చేయి కావలెను.

ఆ రంపము 19వ శతాబ్దము చివరి భాగమున సామాన్య గృహములకు వచ్చెను. కుట్టుమిషనువలె కాలితో తొక్కుచు నడపు చిన్న రంపపు యంత్రములు అమెరికాలోను, ఇంగ్లండులోను అమ్మకమునకు వచ్చినవి. దారమంత సన్నని పలుగు మీదికి క్రిందికి ఆడుచుండగా, చేతితో పలకను త్రిప్పుచు కోయుట దాని పద్ధతి. ఇంగ్లండులోని నార్‌ఫోక్ సీమలో డెరెహామ్ అను చిన్న పట్టణమునుండి 1895లో ‘హాబీస్’ అను వారపత్రిక వెలువడెను. పత్రికతోపాటు కోయుటకు నమూనా బొమ్మల కాగితము వచ్చెడిది. గృహస్థుడు ఆ కాగితమును చెక్కకు అంటించి, గీత వెంట కోసి, గడియారపు గూడో, గోడ అలమారో చేసికొనెడివాడు. నేడు కంప్యూటరు ద్వారా కోతబొమ్మలు పంచుకొనువారు తాము కొత్తపని చేయుచున్నామని అనుకొందురు. బొమ్మ ఒకచోట గీసి, వేయి ఇండ్లలో కోయు ఏర్పాటు నూరేండ్లకు పూర్వమే అంచెబండి మీద నడచినది.

20వ శతాబ్దము తొలి దశకమున అమెరికాలో పెద్దలకు ముక్కలాటల మోజు పుట్టెను. పటములు పోయి చిత్తరువులు వచ్చినవి. ‘జిగ్‌సా’ అను రంపపు పేరే ఆటకు పేరైనది. పార్కర్ సోదరుల సంస్థ 1909లో తక్కిన ఆటల తయారీని నిలిపి తన కర్మాగారమునంతయు ఈ పజిళ్ల కోతకే వినియోగించెను. అక్కడ రంపములవద్ద కూర్చుండినవారు స్త్రీలు. కుట్టుమిషను తొక్కిన కాళ్లకు ఈ రంపము తొక్కుట కష్టము కాదని యజమానులు గ్రహించిరి. ప్రతి ముక్కను ఒక మనిషి చేతితోనే కోయవలెను. కావున వాని వెల హెచ్చు, కలవారే కొనగలిగిరి.

ఆ తరువాతి ఘట్టము మమ్ము అన్నిటికంటె ఎక్కువగ ఆలోచింపజేసినది. 1929 తరువాత అమెరికాను ఆర్థికమాంద్యము క్రమ్మెను. పనులు పోయిన వడ్రంగులు, వాస్తుశిల్పులు ఇంటి వెనుక కొట్టములో రంపము పెట్టుకొని పజిళ్లు కోసి అమ్మసాగిరి. కొనలేనివారికి గ్రంథాలయములును, మందుల అంగళ్లును అద్దెకిచ్చెడివి. అట్లు ముక్కలాట ఒక పూటకూడు అయినది. కాని 1932 శరత్కాలమున మరియొక సరుకు అంగడికి వచ్చెను. ఉక్కుపట్టీలను వంచి బొమ్మ ఆకారముగ అమర్చిన అచ్చును దళసరి అట్టమీద ఒక్కసారి అదిమినచో, వందలకొలది ముక్కలు ఒక్క దెబ్బతో తెగును. ఇట్టి అట్ట పజిళ్లు వారమున కొకటి చొప్పున 25 సెంట్లకు వార్తాపత్రికల అంగళ్లలో దొరకినవి. 1933 ఆరంభమున వారమునకు కోటి పజిళ్లు అమ్ముడుపోయినవని చెప్పుదురు.

ఆ కోటి పెట్టెలు ఎన్నియో ఇండ్లలో కాలక్షేపమిచ్చినవి. చీకటి దినములలో ముక్క దొరకిన సంతోషము చిన్నది కాదు. దానిని మేము తక్కువ చేయము. కాని అచ్చు దెబ్బతో కొట్టముల రంపములు చాలవరకు మూలబడినవి. నాలుకకు ఎంత గాడి చాలును, ఏ మలుపువద్ద చెక్క విరుగును అని వ్రేళ్లకు తెలిసిన సంగతి, ఆ వ్రేళ్లతోనే నిలిచిపోయినది. ముక్కను కూర్చు చేతికి అది తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు.

ఇంతవరకు చెప్పినది బల్లమీద పరచుకొను పజిళ్ల కథ. మూడు దిశలలో ముడిపడు బద్దల కథ వేరు. మేకు లేకుండ చెక్కను చెక్కతో బిగించుట వడ్రంగి యొక్క తొలి విద్య. మన ఇండ్ల ద్వారబంధములకు కుసి తీసి, బెజ్జము పెట్టి, బిగించుట అదే విద్య. చీనా దేశమున ఇట్టి ముడిని, వడ్రంగులకు మూలపురుషుడైన లూబాన్ పేర ‘లూబాన్ తాళము’ అందురు. ఐరోపాలో 1803 నాటికే నూరెంబర్గు నగరపు వర్తకుడు బెస్టెల్‌మయర్ తన సరుకుల జాబితాలో ఆరు బద్దల ముడిని బొమ్మవేసి ప్రకటించెను. 1928లో అమెరికాలో ఎడ్విన్ వయట్ చెక్క పజిళ్లమీద ఒక పుస్తకము వ్రాసి, ముళ్లకాయను పోలియుండుటచే దీనిని ‘బర్’ అనెను. ఆ పేరే స్థిరపడెను.

చూచుటకు ఆట, లెక్కకు సముద్రము. 1970వ దశకము చివర బిల్ కట్లర్ అను గణితజ్ఞుడు ఈ ఆరు బద్దలను కంప్యూటరుతో పరీక్షించి లెక్క ప్రకటించెను. లోపల ఖాళీ లేకుండ కూడు ముడులు 1,19,979 విధములుగ ఏర్పడునని తేలినది. సామాన్య రంపముతో సులభముగ గంటు పెట్టదగిన బద్దల రకములు 25 మాత్రమే. వానితో 314 విధములుగ ముడి కట్టవచ్చును. తక్కినవానికి లోపలి మూలలను ఉలితో తొలువవలెను. అనగా లెక్కలో ఉన్న ముడులలో చాలభాగము సామాన్యుని చేతికి అందని దూరమున ఉండిపోయినవి. పొరలు పొరలుగ కోసి అంటించు లేజరు ఆ దూరమును తగ్గించినది. ఇక దాని పుట్టుక చూతము.

కాంతిని ఒకే నడకలో పెట్టి బలపరుపవచ్చునను సూత్రమునకు మూలము ఐన్‌స్టీన్ 1917లో ప్రకటించిన వ్యాసమున కలదు. సూత్రము యంత్రమగుటకు నలువది మూడేండ్లు పట్టెను. 1960 మే 16వ తేదీన కాలిఫోర్నియాలోని మాలిబులో థియోడోర్ మైమన్ ఒక కెంపుకడ్డీ నుండి తొలి లేజరు వెలుగును రప్పించెను. నాలుగేండ్లకు, 1964లో, అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున కుమార్ పటేల్ బొగ్గుపులుసు వాయువుతో పనిచేయు లేజరును కనుగొనెను. ఈయన మహారాష్ట్రమునందలి బారామతిలో 1938లో జన్మించి, పుణె ఇంజనీరింగు కళాశాలలో చదివినవారు. నేడు లోకమంతట చెక్కను, తోలును, అక్రిలిక్ పలకలను కోయు యంత్రములలో ఎన్నియో ఈయన మార్గముననే పనిచేయుచున్నవి. ఆ వెలుగు కంటికి కనబడదు. దాని తరంగము పొడవు 10.6 మైక్రోమీటర్లు. అద్దము దానిని ఆపును. చెక్క దానిని పీల్చుకొనును. పీల్చుకొన్నచోట చెక్క క్షణమాత్రమున కాలి ఆవిరియగును.

పరిశ్రమలలో దాని తొలి పని కూడ చిత్రమైనది. 1965లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ పరిశోధనా కేంద్రమున, తీగలు లాగు వజ్రపు అచ్చులకు రంధ్రములు చేయుటకు లేజరును నియోగించిరి. 1967లో ఇంగ్లండున పీటర్ హౌల్డ్‌క్రాఫ్ట్ లేజరుతోపాటు ప్రాణవాయువు ధారను వదలి ఒక మిల్లీమీటరు మందము గల ఉక్కురేకును కోసి చూపెను. ఆ మీదట ముప్పది యేండ్లు అది పెద్ద కర్మాగారముల సొత్తు.

అది సామాన్యుని చేతికి వచ్చిన దారిలో ఒక మజిలీ మన దేశముననే ఉన్నది. 1998లో అమెరికాలోని ఎం.ఐ.టి. విద్యాలయమున నీల్ గెర్షెన్‌ఫెల్డ్ అను ఆచార్యుడు, దాదాపు ఏ వస్తువునైన తయారుచేయుట ఎట్లు అను విషయముపై ఒక తరగతి ఆరంభించెను. ఇంజనీర్లకే అనుకొన్న ఆ తరగతికి చిత్రకారులును, వాస్తువిద్యార్థులును క్రిక్కిరిసిరి. దానినుండి ‘ఫ్యాబ్ ల్యాబ్’ అను సామాన్యుల కార్యశాలలు పుట్టినవి. ఎం.ఐ.టి.కి వెలుపల తొలి కార్యశాలలలో ఒకటి 2002లో పుణెకు సమీపముననున్న పాబల్ గ్రామమున, విజ్ఞాన్ ఆశ్రమములో వెలసెను. చదువు మానిన పల్లెబిడ్డలు అచట యంత్రములతో పనిచేసిరి. పిమ్మట యంత్రము చిన్నదై, వెల తగ్గి, ఇంటి బల్లపైకి ఎక్కినది.

ఇంటికి వచ్చిన నిప్పును నిప్పువలెనే చూడవలెను. యంత్రము నడచుచుండగా దానిని విడిచి వంటింటికి పోరాదు. ఆ వెలుగుకు తగిన కళ్లద్దములు లేక మూత తీసి చూడరాదు. పొగను ఇంటిలో నిలువనీయరాదు. పి.వి.సి. పలకను ఎన్నడును దానిలో పెట్టరాదు. అది కాలినచో ఊపిరితిత్తులను కొరుకు ఆమ్లవాయువు పుట్టును. ఈ నాలుగు మాటలు పిల్లలున్న ఇంటివారు గుర్తుంచుకొనవలెను.

ఇక మన బొమ్మల మాట. కొండపల్లి బొమ్మలను చూడని తెలుగువారు అరుదు. తెల్లపొణికి కర్రతో మొండెమును, కాళ్లు చేతులను వేరువేరుగ చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నము పూసి, రంగులు వేయుదురు. అతుకువద్ద సందు మిగిలినచో మక్కు దానిని నింపును. అంబారీ ఏనుగుమీద ఆ సందు ఎవరికిని కనబడదు. శిల్పి చేతికి తెలిసిన అందము ఆ మక్కులో ఉన్నది. బద్దల ముడికి మక్కు లేదు. ఉన్న సందు ఉన్నట్లే బయటపడును. కావున దానిని కోయువాడు సందును ముందుగనే లెక్కలోనికి తీసికొనవలెను.

ఇప్పుడు మా మిత్రుని మేడగదికి మరలుదము. జారిపడిన బద్దలను ఏరుచున్న మనుమరాలిని చూచుచు, ఆమె తాతగారు వాలుకుర్చీలోనుండి నెమ్మదిగ అడిగిరి: “అమ్మాయీ, చెక్క మందం ఎంత?”

“మూడు మిల్లీమీటర్లు, తాతయ్యా.”

“కొట్టువాడు చెప్పినదా, నువ్వు కొలిచినదా?”

ఆమె మారుపలుకక వెర్నియర్ కాలిపర్స్ తెచ్చి కొలిచినది. మందము 2.8 మిల్లీమీటర్లు! నాలుగు పొరలు కలిసినచో 12 కావలసిన బద్ద మందము 11.2 అయినది. ఇది ఒక తప్పు. రెండవది వెలుగు చేసిన పని. నిప్పుచుక్క గీత వెంట నడచునప్పుడు తానును కొంత చెక్కను తినివేయును. ఈ యంత్రము తినునది 0.2 మిల్లీమీటర్లు. అందుచేత 12 అని గీసిన గాడి 12.2 అయినది. 12.2 గాడిలో 11.2 బద్ద! ఒక మిల్లీమీటరు సందు. ముడి నిలుచునదెట్లు?

స్పిల్స్‌బరీ రంపమునకును ఈ కోతవెడల్పు ఉండినది. డెరెహామ్ గృహస్థుడు దానిని గీతకు ఏ ప్రక్క కోయవలెనో తెలిసి సరిపెట్టుకొనెడివాడు. అమెరికాలో కొట్టములో కూర్చుండి కోసినవానికి అది చేతికే తెలియును. రంపము పోయి వెలుగు వచ్చినను, కోసినప్పుడు కొంత పోవునను నియమము పోలేదు. అచ్చుపెట్టెలో వచ్చిన ముక్కలను కూర్చువారికి ఈ సంగతి జన్మలో ఎదురుపడదు. వారికొరకు ఎవరో ఎక్కడనో లెక్క కట్టియుందురు.

ఆ సాయంకాలము ఆ అమ్మాయి బొమ్మను మరల గీసినది. బద్దను 11.2కు తెచ్చుటకు 11.4 అని గీసినది. గాడిని 11.0 అని గీసి, కోతవెడల్పు చేరగా 11.2 అగునట్లు చూచి, కదలుటకు వెండ్రుకవాసి చోటు విడిచినది. మరునాడు మేము వీడ్కోలు చెప్పి వచ్చునప్పటికి ముడి తాతగారి చేతిలో ఉన్నది. ఆయన దానిని చెవివద్ద ఆడించి చూచిరి. చప్పుడు లేదు.

ఆయన కళాశాలలో చదువు దినములలో అట్టగొట్టముమీద రాగితీగ చుట్టి, స్ఫటికము పెట్టి, రేడియో సెట్టు స్వయముగ కట్టుకొన్నవారట. తీగ ఒక చుట్టు ఎక్కువైనచో స్టేషను తప్పిపోయెడిదని చెప్పి నవ్విరి. మా శ్రోతలలో అట్టి పెద్దలు ఇంకను ఉందురు. తరువాత సిద్ధమైన సెట్లు ఇంటింటికి వచ్చినవి. మన మాట వేలమందికి చేరినది. అది లాభమే. ఐనను, చుట్టు తప్పి సరిదిద్దుకొన్నవాడు పాట వినునప్పుడు, పాటతోపాటు సెట్టును కూడ వినును.

లేజరు యంత్రముతోపాటు సిద్ధముగ కోసిన నమూనాల పెట్టెలును అంగడికి వచ్చుచున్నవి. రాక్షసబల్లులు, రైలుబండ్లు, గోపురములు – నాలుక గాడిలో పెట్టి నొక్కినచో చాలును. పిల్లలకు అవి కొని ఇండు, తప్పు లేదు. ఒక్క ముక్కనైన వారిచేత కోయించుడు. అది మొదటిసారి సరిపోకుండుటయే మంచిది. చెక్క మందము కొలిచితివా అని అడుగుటకు ఇంటిలో ఒక పెద్ద దిక్కు ఉన్నచో మరియు మంచిది.